కాయిల్‌కి మార్పంటే పడదు: ఇండక్టర్‌ని చేత్తో చుట్టి, కొలిచి అర్థం చేసుకునే పద్ధతి

పోయిన ఎండాకాలం చిత్తూరు దగ్గర మా మామిడి తోటలో బోరు మోటారుని ఫోన్‌తో ఆన్ చేసుకోడానికి ఒక చిన్న బోర్డు నేనే తయారుచేశాను. 12 వోల్టుల అడాప్టర్, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్), దాన్ని నడపడానికి ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, అంతే. మొదటిరోజు బ్రహ్మాండంగా పనిచేసింది. రెండోరోజు ట్రాన్సిస్టర్ పోయింది. మార్చాను, మళ్లీ పోయింది. మూడోది కూడా పోయాక, రెండు రోజులుగా నీళ్లు లేక చిన్న మొక్కలు వాడిపోతుంటే, కూర్చుని ఆలోచిస్తే తెలిసింది: తప్పు ట్రాన్సిస్టర్‌ది కాదు, రిలే లోపలున్న రాగి చుట్టది. ఆ చుట్టే (కాయిల్) ఇండక్టర్. ఇంటర్‌లో ఫారడే నియమం, లెంజ్ నియమం అన్నీ చదువుకున్నవాణ్ణే, మార్కులు కూడా వచ్చాయి, కానీ ఆ నియమానికీ నా చేతిలో కాలిపోయిన ట్రాన్సిస్టర్‌కీ ఉన్న సంబంధం అప్పటిదాకా నాకు కనపడలేదు.

అందుకే ఈ మార్గదర్శి. ఇందులో ప్రతి అడుగూ మీరు ఇంట్లో చేసి చూడగలిగేదే. మొత్తానికి పట్టుకోవాల్సిన మాట ఒక్కటే, దాన్ని ముందే చెప్పేస్తాను: ఇండక్టర్ కరెంటుని ఆపదు, కరెంటు మారడాన్ని అడ్డుకుంటుంది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపు అది ఉత్త రాగి తీగ. పెంచబోతే ఎదురు తిరుగుతుంది, తగ్గించబోతే తగ్గనివ్వకుండా ముందుకు తోస్తుంది.

దామలచెరువు మార్కెట్‌కి నిండుగా మామిడికాయలు వేసుకుని పోయే లారీని గుర్తుచేసుకోండి. కదలడానికి ఎంత సేపు పడుతుందో, ఆగడానికీ అంతే. ఒకసారి సమానంగా రోడ్డెక్కిందంటే హాయిగా సాగిపోతుంది. ఆ బరువులాంటిదే ఇండక్టెన్స్. ఆ లారీని ఒక్క క్షణంలో ఆపాలంటే ఒకటే దారి, గోడకి కొట్టుకోవాలి. నా ట్రాన్సిస్టర్ ఆ గోడ అయ్యింది.

ముందుగా సామాను

మోటార్ రివైండింగ్ చేసే అంగడికి వెళ్లి 24 గేజి వైండింగ్ వైరు ఒక నలభై మీటర్లు అడగండి. తిరుపతిలోనూ చిత్తూరులోనూ, బోర్లు ఎక్కువున్న ఏ ఊళ్లోనైనా ఇలాంటి అంగళ్లు ఉంటాయి. మిగిలిన ముక్కలుంటే తూకానికి ఇచ్చేస్తారు. ఆ తీగ మీద పలచటి వార్నిష్ పూత ఉంటుంది, అది ఉంది కాబట్టే చుట్టు పక్కన చుట్టు ఆనుకున్నా షార్ట్ అవదు. కనెక్షన్ ఇచ్చే కొసల దగ్గర మాత్రం ఆ పూతని బ్లేడుతో గానీ గరుకు కాగితంతో గానీ పూర్తిగా గీకెయ్యాలి. కొత్తగా చేసేవాళ్లకి ఏమీ పనిచెయ్యలేదంటే పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇదే.

దాంతోపాటు అర అంగుళం పీవీసీ పైపు ముక్క, పది మిల్లీమీటర్ల గుండ్రటి నియోడైమియం అయస్కాంతాలు మూడు నాలుగు, ఒక మల్టీమీటర్, పాత సామాన్ల అంగట్లో దొరికే బరువైన ట్యూబ్‌లైట్ చోక్ (ఎలక్ట్రానిక్ చోక్ వద్దు, ఇనుప రేకులతో ఉండే పాతరకమే కావాలి), ఒక 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 100 ఓముల రెసిస్టర్ పెట్టుకోండి. ఏసీ బిగించే అన్న ఎవరైనా తెలిసుంటే అడుగు పొడవు అర అంగుళం రాగి పైపు ముక్క అడగండి, ఫిట్టింగ్ అయ్యాక మిగిలిపోతుంటాయి.

అడుగు 1: అయస్కాంతం కదిలితేనే కరెంటు

పీవీసీ పైపు మీద మూడొందల చుట్లు దగ్గరగా చుట్టండి. ఒకే వరుసలో పట్టవు, వరుస మీద వరుస వేసుకోండి, దిశ మాత్రం మార్చకూడదు. కొసల్ని మల్టీమీటర్‌కి కలిపి 200 మిల్లీవోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. ఇప్పుడు అయస్కాంతాన్ని పైపు లోపలికి తొయ్యండి. అంకె కదులుతుంది. లోపలే ఉంచి చెయ్యి ఆపెయ్యండి, సున్నా. బయటికి లాగండి, ఈసారి మైనస్ గుర్తుతో వస్తుంది.

ఎంత బలమైన అయస్కాంతమైనా లోపల ఊరికే కూర్చుంటే ఏమీ రాదు, దాన్ని కదిలిస్తేనే వస్తుంది, ఎంత వేగంగా కదిపితే అంత ఎక్కువ. డిజిటల్ మీటరు సెకనుకి రెండు మూడుసార్లే చదువుతుంది కాబట్టి మరీ వేగంగా లాగితే అది పట్టుకోలేదు, పది పన్నెండుసార్లు చేసి చూడండి. ముల్లు తిరిగే పాత మీటరు దొరికితే ఇంకా మంచిది.

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే చూసిందీ ఇదే. ఆయన ఒక ఇనుప వలయం మీద రెండు వేర్వేరు కాయిల్స్ చుట్టి, ఒకదానికి బ్యాటరీ, ఇంకోదానికి ముల్లు మీటరు పెట్టాడు. బ్యాటరీ కలిపిన క్షణంలో ముల్లు ఒకవైపు ఎగిరింది, తీసిన క్షణంలో రెండోవైపు ఎగిరింది, మధ్యలో బ్యాటరీ కలిసే ఉన్నంతసేపు కదల్లేదు. నిలకడగా ఉన్న అయస్కాంతం కరెంటు ఇవ్వదు, మారుతున్నదే ఇస్తుంది.

అడుగు 2: ఫారడే సూత్రంలోని మైనస్ గుర్తుని కళ్లతో చూడటం

అడుగు పొడవు రాగి పైపుని నిలువుగా పట్టుకుని అయస్కాంతాన్ని పైనుంచి వదలండి. ఆ దూరం మామూలు రాయికైతే పావు సెకను. అయస్కాంతం మాత్రం నూనెలో మునుగుతున్నట్టు నింపాదిగా దిగుతుంది, పైపు గోడ మందంగా ఉంటే మరీ నిదానం. రాగి అయస్కాంతానికి అంటుకోదని ముందే తాకించి చూసుకోండి, లేకపోతే అంటుకుని ఆగుతోందేమో అన్న అనుమానం మిగిలిపోతుంది.

అయస్కాంతం పడుతుంటే పైపులో ప్రతి వలయానికీ అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు వల్ల పైపు గోడలో కరెంటు సుడులు తిరుగుతుంది, ఆ కరెంటు తన సొంత అయస్కాంత క్షేత్రంతో పడేదాన్ని పడనివ్వకుండా ఆపుతుంది. 1834లో లెంజ్ చెప్పింది ఇదే: పుట్టిన కరెంటు ఎప్పుడూ తనని పుట్టించిన మార్పుకే ఎదురు నిలుస్తుంది. ఎదురు నిలవకుండా సాయపడితే ఏమయ్యేదో ఆలోచించండి, అయస్కాంతం పడేకొద్దీ ఇంకా వేగం పెరిగి ఊరికే శక్తి పుట్టుకొచ్చేది. అలా జరగదు. తిరుమల ఘాట్ మీద నడిచే ఎలక్ట్రిక్ బస్సు కొండ దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బండిని ఆపుతూ బ్యాటరీలోకి కరెంటు పంపేది కూడా ఈ ఎదురు తిరిగే గుణంతోనే.

అడుగు 3: సొంత ఇండక్టర్, సొంత లెక్క

ఇప్పటిదాకా అయస్కాంతం బయటిది. కానీ కాయిల్‌లో కరెంటు పారితే కాయిలే అయస్కాంతం కదా? ఆ కరెంటు మారితే తన క్షేత్రం తన చుట్లలోనే మారుతుంది, కాబట్టి తనలోనే వోల్టేజి పుడుతుంది. దీనికే స్వయంప్రేరణ అని పేరు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ దీన్ని గమనించి 1832లో ప్రచురించాడు: పొడవాటి తీగ చుట్టని బ్యాటరీ నుంచి విడదీసేటప్పుడు పెద్ద నిప్పురవ్వ వస్తోందని. కొలమానానికి హెన్రీ అని పేరు అలా వచ్చింది.

లెక్క ఇలా చెయ్యాలి. వోల్టేజి = ఇండక్టెన్స్ × (కరెంటులో మార్పు ÷ పట్టిన సమయం). ఒక హెన్రీ కాయిల్‌కి 12 వోల్టులు ఇస్తే, తీగ రెసిస్టెన్స్‌ని పక్కన పెడితే, కరెంటు సెకనుకి 12 ఆంపియర్ల చొప్పున పెరుగుతూ పోతుంది, అంటే సెకనులో నూరో వంతు గడిచేసరికి 0.12 ఆంపియర్. ఇప్పుడు స్విచ్ తీసేసి ఆ 0.12 ఆంపియర్‌ని సెకనులో పదివేలో వంతులో సున్నా చేశారనుకోండి. 1 × 0.12 ÷ 0.0001 = 1200 వోల్టులు. బ్యాటరీ 12 వోల్టులదే! ఈ లెక్క ఒక్కసారి సొంతంగా కాగితం మీద వేసుకోండి, నాకు విషయం అర్థమైంది అక్కడే.

ఇక చుట్టడం. అదే పీవీసీ పైపు ఇంకో ముక్క తీసుకుని 24 గేజి తీగ ఒకే వరుసలో 100 చుట్లు వెయ్యండి. దాదాపు 60 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది, చుట్టు వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు, తీగ ఏడు మీటర్లు పడుతుంది, రెసిస్టెన్స్ అర ఓముకి కాస్త తక్కువ. పుస్తకంలో ఉండే సూత్రం ప్రకారం ఇండక్టెన్స్ అంటే గాలి పెర్మియబిలిటీని (4 పై × పది మైనస్ ఏడో ఘాతం) చుట్ల సంఖ్య వర్గంతోనూ అడ్డుకోత వైశాల్యంతోనూ గుణించి పొడవుతో భాగించడమే. వేస్తే 80 మైక్రోహెన్రీలు వస్తుంది. నిజంగా ఎల్‌సీఆర్ మీటరులో (ఇండక్టెన్స్‌ని నేరుగా చూపించే మీటరు) చూస్తే 68 దగ్గర ఉంటుంది, ఎందుకంటే ఆ సూత్రం చాలా పొడవైన కాయిల్‌కి రాసింది, మనది పొట్టిది, కొసల దగ్గర క్షేత్రం చెదిరిపోతుంది. పుస్తకం తప్పూ కాదు, మీ చుట్టడం తప్పూ కాదు.

ఇందులో బాగా గమనించాల్సింది వర్గం. అదే పొడవులో రెండో వరుస వేసి 200 చుట్లు చేస్తే ఇండక్టెన్స్ రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలు. పాత రేడియోలో ఉండే నల్లటి ఫెరైట్ కడ్డీని లోపల దూరిస్తే ఇంకా చాలా రెట్లు పెరుగుతుంది. ఇనుమో ఫెరైటో పెడితే లాభమే, కానీ దానికొక హద్దుంది: కరెంటు మరీ ఎక్కువైతే ఆ పదార్థం ఇక అయస్కాంతీకరణ పెంచుకోలేదు, అప్పుడు ఇండక్టెన్స్ ఒక్కసారిగా పడిపోతుంది. దీన్ని శాచురేషన్ అంటారు. పాడైన కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి పసుపు–తెలుపు వలయాలు పీకి వాడేవాళ్లు మైక్రోహెన్రీలు మాత్రమే చూసుకుని, ఎన్ని ఆంపియర్ల దాకా తట్టుకుంటుందో చూసుకోక ఇక్కడే దెబ్బతింటారు. గాలి కాయిల్‌కి ఈ బాధ లేదు.

అడుగు 4: 9 వోల్టుల బ్యాటరీతో నియాన్ బల్బు

పాతకాలపు స్విచ్‌బోర్డు ఇండికేటర్‌లో ఎర్రగా వెలిగే నియాన్ బల్బు ఉంటుంది. అది వెలగాలంటే డెబ్బై వోల్టులకి అటూ ఇటూ కావాలి, 9 వోల్టుల బ్యాటరీతో చచ్చినా వెలగదు. దాన్ని దాని రెసిస్టర్‌తో సహా ట్యూబ్‌లైట్ చోక్ రెండు కొసలకి అడ్డంగా కలపండి. చోక్ ఒక కొస బ్యాటరీకి బిగించి, రెండో కొసని క్షణం సేపు తాకించి తీసెయ్యండి. కలిపినప్పుడు ఏమీ ఉండదు. తీసినప్పుడు తళుక్కుమంటుంది!

దయచేసి ఒక జాగ్రత్త. తీగ కొసల్ని వట్టి వేళ్లతో పట్టుకోకండి, ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పులు వాడండి. బ్యాటరీ చిన్నదే అయినా తీసే క్షణంలో వచ్చే వోల్టేజి చిన్నది కాదు, గట్టిగా షాక్ కొడుతుంది. పిల్లలతో చేయిస్తుంటే క్లిప్పు మీ చేతిలోనే ఉండాలి.

పాత ట్యూబ్‌లైట్ వెలిగేది ఈ దెబ్బతోనే. స్టార్టర్ ముందు సర్క్యూట్‌ని కలిపి చోక్‌లో కరెంటు పారనిస్తుంది, తర్వాత టక్కున విడిపోతుంది, చోక్ ఎదురు తిరిగి పెద్ద వోల్టేజి కొడుతుంది, ట్యూబు లోపలి వాయువులో దారి పడుతుంది. స్టార్టర్ విడిపోయిన క్షణంలో ఏసీ తరంగం సున్నా దగ్గరుంటే దెబ్బ చిన్నదవుతుంది, అందుకే అది ఒక్కోసారి మూడు నాలుగుసార్లు మిణుకుమని గానీ వెలిగేది కాదు. వెలిగాక అదే చోక్ ఇంకో పని చేస్తుంది, 40 వాట్ల ట్యూబులో కరెంటుని 0.43 ఆంపియర్ దగ్గర కట్టడి చేస్తుంది. అది ఎలాగో తర్వాతి అడుగులో.

అడుగు 5: ఏసీలో కొలవడం, 12కి 14 రావడం

మన ఇంటి కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది, అంటే దాని ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కాబట్టి ఇండక్టర్ ఎప్పుడూ అడ్డుపడుతూనే ఉంటుంది. ఆ అడ్డుకి రియాక్టెన్స్ అని పేరు, 2 పై × ఫ్రీక్వెన్సీ × ఇండక్టెన్స్. 50 హెర్ట్జ్ దగ్గర ఒక హెన్రీకి 314 ఓములు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ముందు చోక్ రెసిస్టెన్స్‌ని మల్టీమీటర్‌తో కొలవండి, 35 ఓములు వచ్చిందనుకుందాం. తర్వాత 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ వైపుకి చోక్‌నీ 100 ఓముల రెసిస్టర్‌నీ వరసగా కలపండి. 230 వోల్టుల వైపు టేపు చుట్టి, చెయ్యి తగలకుండా చూసుకున్నాకే ప్లగ్ పెట్టండి. రెసిస్టర్ మీద వోల్టేజి 2.8 వచ్చిందనుకోండి. చోక్ మీద కొలిస్తే 11.4. రెండూ కూడితే 14.2! ఇచ్చింది పన్నెండే.

మీటరు పాడవలేదు. చోక్ మీద వోల్టేజి, రెసిస్టర్ మీద వోల్టేజి ఒకే సమయంలో పైకి వెళ్లవు, చోక్‌లో కరెంటు దాని వోల్టేజికంటే వెనకబడి వస్తుంది. ఊయల ఊపేటప్పుడు తోసిన క్షణానికీ ఊయల కొసకి చేరే క్షణానికీ తేడా ఉన్నట్టే. అందుకని మామూలు కూడిక కుదరదు, లంబకోణ త్రిభుజం లెక్క వెయ్యాలి. 2.8 వోల్టులని 100 ఓములతో భాగిస్తే కరెంటు 28 మిల్లీఆంపియర్లు. 11.4ని దానితో భాగిస్తే చోక్ మొత్తం అడ్డు సుమారు 407 ఓములు. దాని వర్గంలోంచి 35 వర్గం తీసేసి వర్గమూలం తీస్తే 405, దాన్ని 314తో భాగిస్తే దాదాపు 1.3 హెన్రీ. ఎల్‌సీఆర్ మీటరు లేకుండానే ఇండక్టెన్స్ కొలిచేశారు. మీ చోక్‌కి అంకెలు వేరేగా రావచ్చు, పద్ధతి ఇదే.

కరెంటు ఇలా వెనకబడటమే మన రైతులందరి బోరు మోటార్లలోనూ జరుగుతుంది. మోటారంటే ఇనుము మీద రాగి చుట్లే కదా. అందుకే మోటారుకి కెపాసిటర్ పెట్టుకోమని కరెంటు డిపార్ట్‌మెంట్ వాళ్లు అడుగుతుంటారు, కెపాసిటర్ కరెంటుని ముందుకు లాగి ఈ వెనకబాటుని సరిచేస్తుంది, లైను మీద ఊరికే తిరిగే కరెంటు తగ్గుతుంది, కొస పొలానికి వోల్టేజి కాస్త నిలబడుతుంది. దాన్ని పీకి పక్కన పడేసే వాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, నష్టం వాళ్లకీ పక్క పొలం వాళ్లకీ కూడా.

ఫ్రీక్వెన్సీ పెరిగితే అడ్డు పెరుగుతుందన్న మాట ఎంతదాకా పోతుందంటే, తిరుపతికి దగ్గర్లో గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది, అది 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అక్కడ చుట్టక్కర్లేదు, తిన్నటి తీగ ముక్కే ఇండక్టర్. మిల్లీమీటరుకి సుమారు ఒక నానోహెన్రీ అనుకుంటే పది సెంటీమీటర్ల తీగ ఆ ఫ్రీక్వెన్సీలో 33 ఓముల అడ్డు అవుతుంది. ఇంట్లో 50 హెర్ట్జ్ దగ్గర అదే తీగ అడ్డు లెక్కలోకే రాదు.

ఒకే ఇనుము మీద రెండు కాయిల్స్ ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్, ఫారడే వలయమే. దానికి డీసీ ఇస్తే మార్పు ఉండదు, కరెంటుని ఆపేది తీగ రెసిస్టెన్స్ ఒక్కటే, కాసేపటికి పొగ వస్తుంది. ప్రయత్నించకండి.

అడుగు 6: రిలేకి డయోడ్

ఇప్పుడు నా బోర్డు దగ్గరికి వద్దాం. మామూలు 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ 400 ఓములు, అంటే 30 మిల్లీఆంపియర్లు. బీసీ547కి ఆ కరెంటు ఒక లెక్కే కాదు. కానీ ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణంలో ఆ 30 మిల్లీఆంపియర్లు వెళ్లడానికి దారి లేదు, కాయిల్ తన కరెంటుని ఆపుకోలేక వందల వోల్టులకి ఎగబాకుతుంది. ట్రాన్సిస్టర్ తట్టుకునేది 45 వోల్టులు.

విరుగుడు ఒక 1ఎన్4007 డయోడ్, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్క. దాని వెండి గీత ఉన్న కొస ప్లస్ వైపు, రెండో కొస ట్రాన్సిస్టర్ వైపు వచ్చేలా రిలే కాయిల్‌కి అడ్డంగా కలపాలి. రిలే ఆన్‌లో ఉన్నంతసేపు డయోడ్‌లో ఏమీ పారదు. ఆఫ్ చేశాక కాయిల్ కరెంటు ఆ డయోడ్ గుండా తిరిగి తనలోకే వచ్చి, తీగ రెసిస్టెన్స్‌లో నెమ్మదిగా కరిగిపోతుంది. లారీ గోడకి కొట్టుకోకుండా నింపాదిగా ఆగుతుంది. తిప్పి పెడితే మాత్రం ఆన్ చేయగానే డయోడ్ సరఫరాని షార్ట్ చేస్తుంది, ట్రాన్సిస్టర్ వెంటనే పోతుంది. డయోడ్ వల్ల రిలే విడిపోవడం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, బోరు మోటారుకి అది పట్టించుకోవాల్సిన విషయమే కాదు.

డయోడ్‌ని టంకం వేశాక పరీక్షిద్దామనుకుంటే మల్టీమీటర్ మిమ్మల్ని తికమక పెడుతుంది. డయోడ్ రేంజిలో మీటరు పంపేది ఒక మిల్లీఆంపియర్ దగ్గర, అది 400 ఓముల కాయిల్ గుండా పోయి రెండు వైపులా 0.4 వోల్టులే చూపిస్తుంది, డయోడ్ బాగున్నా లోపల తెగిపోయి ఉన్నా దాదాపు అంతే. కాబట్టి డయోడ్‌ని బోర్డుకి పెట్టకముందే విడిగా చూసుకోండి, ఒకవైపు 0.5 నుంచి 0.7 లోపు రావాలి, రెండోవైపు ఏమీ రాకూడదు. బోర్డు మీద ఉన్నదాన్ని చూడాల్సి వస్తే ఒక కాలు టంకం విప్పి పైకి లేపి చూడండి.